బల్ల సంతకం

ఇంజనీరు చేసింది దొంగతనం కాదని ఇంట్లో ముగ్గురూ తేల్చేశారు. ఆ ముగ్గురిలో ఇంజనీరు కూడా ఒకడు కాబట్టి దర్జీ మాస్టర్ ఆ తీర్పుని లెక్కలోకి తీసుకోలేదు.

"జేబులో చెయ్యి పెడితే దొంగ అంటారు. ఏకంగా చెయ్యే ఎత్తుకుపోయినవాణ్ని ఏమంటారో నువ్వే చెప్పరా. చదువుకున్నవాడివి."

తమ్ముడు కత్తిరింపు బల్లకి ఆ చివర నిలబడి మార్కింగ్ సుద్దని వేలితో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. ఇంజనీరు అన్న పేరు అతనికి అన్న పెట్టిందే. ఒకప్పుడు ఆ పిలుపులో ముద్దుండేది. శుక్రవారం సాయంత్రం నుంచీ అందులో విషం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

శుక్రవారం వచ్చిన ఉత్తరం బల్ల మధ్యన ఉంది, ఎగిరిపోకుండా ఇస్త్రీ పెట్టె కింద. రాసింది చెప్పులావిడ. ఎక్కడో దూరదేశంలో చెప్పుల కొలతలు గీసుకు బతికే మనిషి. మాస్టర్ ఆమె ముఖం ఫొటోలో తప్ప చూడలేదు. ఆమె భాషని కంప్యూటరే తెలుగులోకి తిప్పి ఇచ్చింది. తిప్పిన తెలుగు వంకర గానీ దెబ్బ మాత్రం తిన్నగానే తగిలింది: 'మాస్టారూ, మీ ఓటు వారి పక్షమున పడుట చూసి నేను కుర్చీలో కూలబడితిని. మీరునూనా?'

పదకొండేళ్ల కిందట ఆ బల్ల మీదే పుట్టింది ప్రోగ్రామ్. ఛాతీ, నడుము, భుజం కొలతలిస్తే చొక్కా ముక్కలు గీసి కాగితం మీద అచ్చు వేసి ఇస్తుంది. గీత ఎక్కడ వంగాలో చెప్పింది మాస్టర్, వంచింది ఇంజనీరు. లోపలి రాతంతా బయటపెట్టి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా మార్చుకోండి, పైసా ఇవ్వక్కర్లేదు అని లోకం మీదకి వదిలేశారు. ఇప్పుడది నాలుగు వేల పైచిలుకు దుకాణాల్లో ఉంది. చెప్పులావిడా, టోపీలు కుట్టే ఆయనా, గుడారాలు కుట్టే ఆయనా వచ్చి చేరారు. మొత్తం ఐదుగురు పెద్దలు, ఐదు ఓట్లు.

ఓటింగుకి వచ్చిన సంగతి చిన్నది కాదు. తెర మీద కనిపించే కిటికీలూ, మీటలూ, మెనూలూ ఏ ప్రోగ్రామూ తనంతట తాను కుట్టుకోదు. రెడీమేడ్ కాలర్లు తెచ్చి చొక్కాకి అతికించినట్టు, ఎవరో తయారుచేసి పెట్టిన టూల్‌కిట్ నుంచి తెచ్చుకుంటుంది. ఏ రకం కంప్యూటర్‌కైనా అతికే కాలర్లు కావాలి, అక్కడే తంటా. ఇన్నాళ్లూ వాడిన టూల్‌కిట్‌ని తయారుచేసేవాళ్లు మూడేళ్ల కిందటే చేతులెత్తేశారు. ఇంట్లో దాని పేరు ముసలిది. దాని స్థానంలో దేన్ని తేవాలన్నదే ఏడాదిగా రగడ. ఇంజనీరు తెస్తానన్నదాని కడుపులో ఏకంగా ఓ ఇంటర్నెట్ బ్రౌజరే కూర్చుని ఉంటుంది. ఎంత మెమరీ ఉన్నా మింగేస్తుంది. మాస్టర్ దానికి బకాసురుడని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. అర్థం తెలీకపోయినా చెప్పులావిడ కూడా అలాగే రాస్తుంది.

ఓటింగులో బకాసురుడు గెలిచాడు. మూడు, రెండు. ఇంజనీరుది ఒకటి, గుడారాలాయనది ఒకటి. మూడోది మాస్టర్‌ది. మాస్టర్ వెయ్యని ఓటు.

"నీ ఖాతా తెరిచింది నేను," అన్నాడు తమ్ముడు ఎట్టకేలకి. "పాస్‌వర్డ్ పెట్టింది నేను. పదకొండేళ్లుగా నువ్వు సరే అంటే ఆ సరే నొక్కింది కూడా నేనే. ఆ ఇంగ్లీషుతో ఎవడు పడతాడ్రా అని తాళం నా చేతిలో పెట్టింది నువ్వు కాదా?"

"పెట్టింది కొట్టు కాపలా కాయమని. కొట్టు అమ్ముకోమని కాదు."

"ఏవమ్ముకున్నాను? పైసా వచ్చిందా నాకు?"

"అదేగా నా ఏడుపు. అమ్ముకున్నా బాగుండేది, ఆశపడ్డాడు అనుకునేవాణ్ని."

వాళ్లకో పద్ధతుంది. ఐదుగురూ ఒప్పుకున్న పద్ధతి. కొత్తగా ఏది తయారైనా దానికి రెండు సంతకాలు పడాలి. ఒకటి కీబోర్డుది, ఒకటి బల్లది. పది సెంటీమీటర్ల చదరం ఒకటి అచ్చు వేయించి మాస్టర్ దాని మీద ఉక్కు స్కేలు పెడతాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా బల్ల సంతకం పడదు. పదకొండేళ్లలో పదిహేడుసార్లు వెనక్కి కొట్టాడు. పదిహేడుసార్లూ ఇంజనీరు గొణుక్కుంటూ మేడెక్కి, సరిచేసి దిగాడు.

"ఈసారి చదరం ఏదిరా? ఎవడు కొలిచాడు?"

"కొలత సరిగ్గానే ఉందన్నయ్యా. నేను చూశాను."

"నువ్వు తెర మీద చూశావు. గుడ్డ తెర మీద కత్తిరించరు."

మాస్టర్ భార్య అప్పటిదాకా మూల కూర్చుని కాజాలు కుడుతోంది. లేచి వచ్చి ఉత్తరం మీంచి ఇస్త్రీ పెట్టె తీసి ప్లగ్గు పెట్టింది.

"ఏదీ నాయనా, ఆ కొత్తదాన్ని ఒకసారి తెరిచి చూపించు. మీ ఇద్దరి గొంతులు వినడం కన్నా అదే నయం."

మూలనున్న కంప్యూటర్‌కి పన్నెండేళ్లు. ఏదో ఆఫీసు పారేస్తే తెచ్చుకున్నది. నాలుగు వేల దుకాణాల్లో సగానికి పైగా ఉన్నవి అలాంటి పారేసిన సరుకే. ఇంజనీరు పెన్‌డ్రైవ్ గుచ్చి కొత్తదాన్ని ఎక్కించాడు, నొక్కాడు.

ఫ్యాను రొద పెట్టింది. తెర తెల్లబడింది. ఆవిడ ప్యాంటు ఒక కాలు ఇస్త్రీ చేసింది. రెండో కాలు చేసింది. నడుం పట్టీ తిప్పి చేసింది. అప్పటికి కిటికీ తెరుచుకుంది. ముస్తాబు బాగానే ఉంది, పెళ్లికూతురిలా మెరుస్తోంది. ఆవిడ చొక్కా అందుకుని కాలర్ మీద పెట్టె ఆనించేసరికి పెళ్లికూతురు మాయమైపోయి, మెమరీ చాల్లేదని ఒక చీటీ మిగిలింది.

"ప్యాంటుకి వచ్చింది, చొక్కాకి పోయింది," అందావిడ.

ఇంజనీరు పెదవి ఒకవైపు నవ్వింది. మాస్టర్ ముఖం చూసి ఆ నవ్వు మళ్లీ లోపలికి పోయింది.

"రేపు సాయంత్రం ఐదింటికి ఇది అన్ని కొట్లకీ దానంతటదే వెళ్లిపోతుంది. అంతేనా?"

"అంతే."

"సోమవారం పొద్దున్న కొట్టు తీసినవాడికి తెల్ల తెర."

"పాతదానికి వెనక్కి వెళ్లే దారి పెట్టానన్నయ్యా."

"ఆ దారి నీకు తెలుసు. వాడికి తెలుసా? వాడు నాలాంటివాడురా. తెర తెల్లబడితే మిషనే చచ్చిపోయిందనుకుంటాడు."

"మరి కొత్త కంప్యూటర్లు కొనుక్కున్నవాళ్లో?" తమ్ముడి గొంతు మొదటిసారి లేచింది. "వాళ్లకి ముసలిది మెనూయే తెరవడం లేదు. నెలకి నలభైమంది రాస్తున్నారు. సగంమంది వదిలేసి పోయారు. వాళ్లు దర్జీలు కారా? అప్పు చేసి కొత్తది కొనుక్కున్నవాడు నీకు పరాయివాడా?"

జవాబు లేనప్పుడు మనిషి ఏది చేతికందితే అది విసురుతాడు.

"ఏడో క్లాసులో బడి మానేసి నిన్ను ఇంజనీర్ని చేసినందుకు..."

"నా కోసం మానలేదు నువ్వు. లెక్కల మాస్టారు చెంప పగలగొడితే పుస్తకాల సంచీ గోడ మీంచి విసిరేసి వచ్చేశావు. అమ్మ పోయేదాకా ఆ మాట చెప్పుకుని నవ్వేది. అప్పటికి నాకు మూడేళ్లు."

ఇస్త్రీ పెట్టె తడిగుడ్డ మీద సుయ్యిమంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురూ కూర్చున్నారు. కూర్చోకపోతే ఎందుకు కూర్చోలేదన్న మాట వస్తుంది కాబట్టి కూర్చున్నారు. మాస్టర్ మరదలు, అంటే తమ్ముడి భార్య, ఆసుపత్రిలో నర్సు. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, చేతులింకా మందు సబ్బు వాసన వేస్తుండగానే కంచం ముందు కూర్చుంది.

"బావగారూ, ఒక మాట అడుగుతాను. కోప్పడకండి."

"కోపం అయిపోయిందమ్మా, పొద్దున్నే సరుకంతా ఖాళీ. అడుగు."

"మూడోది ఎందుకు వద్దన్నారో ఆయన మీకు చెప్పారా?"

మూడోదంటే రగడ మొదలైన కొత్తలో పరిశీలనకొచ్చిన ఇంకో టూల్‌కిట్. పేరు కూడా పెట్టకముందే దాన్ని పక్కన పడేశారు.

"మనకి అతకదన్నాడు."

"అతుకుతుంది."

"నువ్వూరుకో," అన్నాడు ఇంజనీరు.

"తొమ్మిదేళ్లు ఊరుకున్నాను. ఇవాళ నా వంతు." ఆమె బావగారి వైపే చూస్తోంది. "ముసలి కంప్యూటర్లలో నడుస్తుందట, కొత్తవాటిలో నడుస్తుందట. దాన్ని తయారుచేసేవాళ్లు కూడా గట్టివాళ్లేనట. కాకపోతే గీతలు గీసే భాగమంతా మొదటి అక్షరం నుంచి మళ్లీ రాసుకోవాలి. రెండేళ్లు. బకాసురుడైతే ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లూ ఎలా గడిచాయో నాకు తెలుసు."

మాస్టర్ ముద్ద కలపడం ఆపాడు. "నిజమేనా?"

"నిజమే," అన్నాడు తమ్ముడు కంచంలోకి చూస్తూ.

"సరైనది అదని నీకు తెలుసు?"

"మొదట్నుంచీ తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే రాయమంటావు."

మాస్టర్ భార్య వడ్డించబోయిన గరిటెని మళ్లీ గిన్నెలో పెట్టేసింది.

"రెండేళ్ల ఆదివారాలు నా దగ్గర లేవన్నయ్యా. ఉద్యోగం నుంచి వస్తాను, మేడెక్కుతాను. ఎక్కడో ఎవడికో చంక మలుపు దగ్గర గీత కలవలేదట. కూర్చుంటాను. వాడికి కలిసేసరికి ఇంకోడికి విడిపోతుంది. నీకు స్కేలు పెట్టి చూస్తే అయిపోతుంది. ఆ చదరం వెనక నాకో నెల పోతుంది."

"ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం కలిసి బయటికి వెళ్లి ఎన్నాళ్లయిందో అడగండి," అంది మరదలు. "నాకు గుర్తులేదు. ఆయనకీ గుర్తుండదు. నాకు డ్యూటీ లేని రోజు చూసి మరీ మీ ప్రోగ్రామ్‌కి ఒంట్లో బాగోదు."

మాస్టర్ భార్య మొగుడి వైపు చూసింది. ఇప్పుడొక్క మంచి మాట. ఎంత చిన్నదైనా సరే. ఆవిడ చూపు అదే అడిగింది, మాస్టర్‌కి అర్థమైంది కూడా.

"అంత కష్టమైతే ఎవణ్నైనా సాయం తెచ్చుకోవాల్సింది," అన్నాడు. "నాలుగు వేలమంది వాడుతున్నారు."

"వాడేవాళ్లు నాలుగు వేలమంది. రాసేవాణ్ని ఒక్కణ్ని." తమ్ముడు కంచం పక్కకి జరిపాడు. "నువ్వూ వాడేవాడివే కదన్నయ్యా."

మాస్టర్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చొక్కా భుజం దగ్గర అరంగుళం ఎందుకు పెంచాలో, లావుపాటి మనిషికి జేబు ఎంత కిందకి దిగాలో, ముప్ఫై ఐదేళ్లు కళ్లు పోగొట్టుకుని నేర్చుకున్నదంతా ఆ ప్రోగ్రామ్‌లో పోశాడు. ఇప్పుడు తను వాడేవాడట. నాలుగు వేలమందిలో ఒకడట.

"నేను వాడేవాణ్నా?"

"మాట జారింది, వదిలెయ్యండి," అంది భార్య.

"జారలేదు. పదకొండేళ్లు నోట్లోనే నానింది. ఇవాళ ఉడికింది," అన్నాడు మాస్టర్.

తమ్ముడు చెయ్యి కడుక్కొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కోపంగా లేడు. అలసిపోయిన మనిషికి కోపం కూడా బరువే.

"పోనీ ఓ పని చేద్దాం. వేరుపడదాం. ప్రోగ్రామ్ రెండు కాపీలు చేసి నీది నీకు, నాది నాకు. నువ్వు ముసలిదాన్ని ఉంచుకో. నేను బకాసురుణ్ని మేపుకుంటాను. సగం సగం కాదు, ఇద్దరికీ మొత్తం వస్తుంది."

"పంచుకుంటే ఇద్దరికీ మొత్తం వచ్చే ఆస్తి ఎక్కడుందిరా? చెప్పు, నేనో నాలుగెకరాలు కొంటాను."

"ఇదే. బయటపెట్టిన ప్రోగ్రామ్‌కి అలాగే కుదురుతుంది. ఎవడైనా మొత్తం తీసుకుని విడిగా పోవచ్చు."

"మరి పేరో?"

"పేరు ఒక్కటే ఉంటుంది."

"నాలుగు వేల కొట్లో?"

"పేరు ఎటుంటే అటు."

"అంటే బొమ్మ నాకు, ప్రాణం నీకు. బాగుందిరా పంపకం. ఇది కూడా తెర మీదే కొలిచావా?"

ఇంజనీరు చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి నీళ్ల చెంబు పక్కన పెట్టాడు. "నీ పాస్‌వర్డ్. ఓటు మార్చుకోడానికి రేపు ఐదింటిదాకా గడువుంది. నువ్వు మారిస్తే మూడు రెండు అటు తిరుగుతుంది. బకాసురుడు ఆగిపోతాడు." గుమ్మం దాటబోతూ చెప్పాడు. "నేనూ ఆగిపోతాను. ఇంకో అక్షరం రాయను. ముసలిదానికీ రాయను, మూడోదానికీ రాయను."

మెట్ల మీద అడుగులు మెల్లిగా పైకి వెళ్లాయి. వెనకే మరదలి అడుగులు.

ఆదివారం నాలుగున్నరకి భార్యాభర్తలిద్దరూ మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అక్షరాలు కొట్టేది ఆవిడ, ఒక్క వేలితో, సూదిలో దారం ఎక్కించేంత శ్రద్ధగా. కాగితం పట్టుకుని చదివేది మాస్టర్.

"ఇది పెద్దక్షరమా, చిన్నదా?"

"పెద్దది. నీ మరిది అన్నీ పెద్దవే పెడతాడు. మాటలతో సహా."

"కొంచెం ఆగండి, అది ఎక్కడుందో వెతకనివ్వండి. ఈ అక్షరాలు పేర్చినవాడెవడో గానీ గుండీల డబ్బా కింద పడేసి ఎత్తినట్టు పేర్చాడు." వెతుకుతూనే అడిగింది. "ఏమండీ, ఇంకోసారి ఆలోచించండి. గెలిచి ఏం చేస్తారు?"

"సోమవారం పొద్దున్న ఒక్కడికి కూడా తెల్ల తెర రాకూడదు."

"సరే. మంగళవారం?"

మాస్టర్ తర్వాతి అక్షరం చదివాడు.

ఖాతా తలుపు తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ సరే, ఫోనుకి ఆరంకెలు పంపాం, అవి కూడా కొట్టండి అని అడిగింది తెర. మాస్టర్ బల్ల మీదున్న తన ఫోను వైపు చూశాడు. అది చప్పుడు చెయ్యలేదు. మేడమీద ఎక్కడో టింగుమంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పదకొండేళ్ల కిందట ఖాతా తెరిచినప్పుడు మాస్టర్‌కి ఫోనే లేదు. తమ్ముడు తన నంబరిచ్చాడు. అప్పుడది సంగతే కాదు, ఒక ఇంట్లో రెండు నంబర్లెందుకు అనుకున్నారు.

"నేనెళ్లి అడగనా?" అంది భార్య.

"చెయ్యి నాది. నేనే వెళ్లాలి."

మెట్లెక్కుతూ ఒక మాట కూర్చుకున్నాడు. మూడోదే మొదలుపెడదాంరా, రెండేళ్లు కాకపోతే నాలుగేళ్లు తీసుకో, ఆదివారాలు ముట్టుకోవద్దు, నేను తొందరపెట్టను. ఎక్కుతున్నంతసేపూ ఆ మాట నోట్లో బాగానే ఉంది. మలుపు దగ్గర ఒకసారి పైకే అని చూసుకున్నాడు. బాగానే పలికింది.

మేడమీద కంప్యూటర్ మూసి ఉంది, దాని మీద ఉతికిన దుప్పటి మడతపెట్టి ఉంది. తమ్ముడు కిటికీ పక్కన నేల మీద కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటున్నాడు. మరదలు మంచం మీద పడుకుని ఏదో పత్రిక చదువుతోంది. ఆదివారం సాయంత్రం ఆ గదిలో మీటలు నొక్కే చప్పుడు లేకపోవడం మాస్టర్ ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ హాయిగా ఉన్నారు. అది చూశాక కూర్చుకున్న మాట పక్కన పెట్టి అంకెలే అడిగాడు.

"అంకెలొచ్చాయా?"

"వచ్చాయి."

"చదువు."

ఇంజనీరు ఫోను అందుకున్నాడు. కొంచెంసేపు దాన్ని చూశాడు, తర్వాత అన్నని చూశాడు. ఇంకేమైనా అంటాడేమో అన్నట్టు చూశాడు. మరదలు పత్రిక దించింది.

"అంతేనా అన్నయ్యా? ఇంకేం లేదా?"

"గడువు దాటిపోతుంది. చదువు."

"నలభై. తొంభై ఒకటి. ఇరవై ఏడు."

దర్జీ కొలతలు చదివినట్టు చదివాడు. ఇన్నేళ్లూ టేపు పట్టి అంకెలు చెప్పేది అన్న, అవి కొట్టుకునేది తమ్ముడు. మాస్టర్ ఏ కొలతా కాగితం మీద రాసుకోడు, ఒకసారి వింటే చాలు. తలూపి వెనక్కి తిరిగాడు.

"అన్నయ్యా," అన్నాడు తమ్ముడు వెనకనుంచి. "పదకొండేళ్లు నీ చెయ్యి నేనే కదా. ఒక్కసారి తప్పు రాసింది. దానికింత శిక్షా?"

"తప్పు రాస్తే కొట్టేసి మళ్లీ రాయొచ్చురా. దాచిపెట్టావు. అది చెరగదు."

కిందకి దిగి వచ్చి అంకెలు చెప్పాడు.

భార్య అంకెలు కొట్టింది. తెర తెరుచుకుంది. ఓటు ఎందుకు మార్చుకుంటున్నారో ఒక ముక్క రాయమంది. మాస్టర్ చెప్పాడు, ఆవిడ కొట్టింది: 'బల్ల మీద కొలవలేదు.' నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకి నొక్కింది. బకాసురుడి పక్కన మూడు పోయి రెండు వచ్చింది. ఎదుటి వైపు రెండు పోయి మూడు.

ఐదు దాటింది. ఏ కొట్టుకీ ఏదీ వెళ్లలేదు.

ఐదుం పావుకి చెప్పులావిడ రాసింది. కంప్యూటర్ తన తెలుగులోకి తిప్పింది: 'బకాసురుడు ఆగెను. మీకు నా అభినందనలు. ఇప్పుడు మూడవదానిని ఎవరు రాయుదురు?'

"ఏమని రాయమంటారు?" అడిగింది భార్య.

మాస్టర్ లేచి వెళ్లి బల్ల ముందు కూర్చున్నాడు, వెనకే ఆవిడా.

తమ్ముడూ మరదలూ కలిసి దిగి వచ్చారు. స్నానం చేసి, బయటికి వెళ్లే బట్టలు కట్టుకుని ఉన్నారు. ఇంజనీరు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. పరాయి కొట్టుకి కొలతలివ్వడానికొచ్చిన మనిషిలా బిగుసుకుని కూర్చున్నాడు.

"ఆసుపత్రి దగ్గర ఇల్లు చూసుకుంటాం అన్నయ్యా. ఈవిడ రెండు బస్సులు మారుతోంది రోజూ. మేం ఇక్కడే ఉండిపోయింది ప్రోగ్రామ్ కోసం. బల్ల కింద, కీబోర్డు పైన, మధ్యలో మెట్లు. ఇంక ఆ పని లేదు."

"మేడ నీదేగా. తాళం వేసుకుని వెళ్లు, అద్దెకిచ్చుకో. ఎవరాపారు?"

"మేడ మీరే ఉంచుకోండి. వెనక గదులూ మీవే. రోడ్డు వైపు గది నాకిచ్చెయ్. పక్క మందుల షాపాయన కొనుక్కుంటానన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"కిందటేడే అన్నాడు. కిందటేడు నేనొప్పుకోలేదు."

"అది కత్తిరింపు గది కదయ్యా," అంది మాస్టర్ భార్య. "వెనక గదుల్లో వెలుతురే ఉండదు. నల్ల గుడ్డ మీద నల్ల దారం ఆయనకి పగలే కనబడదు."

"నాకు తెలుసు వదినా."

"తెలిసి అడుగుతున్నావా?"

ఇంజనీరు తల వంచుకున్నాడు. జవాబు మరదలు చెప్పింది. "అక్కా, మా వాటాకి సరిపోయేది అదొక్కటే. డబ్బుగా ఇవ్వగలిగితే చెప్పండి, ఆ గది మేం అడగం."

ఇవ్వలేరని నలుగురికీ తెలుసు. మాస్టర్ ఒక్క మాట అంటే చాలు. ఉండిపోరా అన్నా చాలు. లేదా బతిమాలినట్టు కాకుండా, ఊరికే, రేపు మాట్లాడుకుందాం అన్నా చాలు. భార్య బల్ల కింద మోకాలితో పొడిచింది.

"తీసుకో," అన్నాడు మాస్టర్.

"కోపంతో అనకు అన్నయ్యా."

"కోపంతో కాదు. లెక్కల్లో దెబ్బలు తిన్నవాణ్ని. ఈ లెక్క మాత్రం వచ్చు నాకు. తీసుకో."

మందుల షాపాయన కొలతల మనిషిని వెంటబెట్టుకుని వారం తిరక్కుండా వచ్చాడు. ఇద్దరి పేర్ల మీదా ఉన్న స్థలం నూట ఇరవై ఆరు గజాలు. అందులో రోడ్డు ముఖం, రెండు కిటికీలు, బల్ల ఉన్న గది, ముందరి మూడు మెట్లు కలిపి మాస్టర్ చేతిలోంచి పోయింది ముప్ఫై ఎనిమిదిన్నర గజాలు.